నా నంబరుకు వచ్చిన సీటు

మధులతకు సీటు వచ్చిన సంగతి ఆమెకంటే మూడు రోజుల ముందు నాకు తెలుసు. మెసేజ్ నా ఫోన్‌కు వచ్చింది.

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో అచ్యుతరావు గారి ఇంటర్నెట్ షాపులో నేను ఫారాలు నింపుతాను. ఇంజనీరింగ్, డిగ్రీ, డిప్లొమా, స్కాలర్‌షిప్పు, ఏదైనా. ఇంటర్ అయిపోయిన పిల్లలు ఎండాకాలం పోయిందగ్గర్నుంచి వస్తూనే ఉంటారు. ఫారంలో ఫోన్ నంబరు అడిగే చోట కొందరు ఆగిపోతారు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ తండ్రి వెంట పనికి పోయి ఉంటుంది. లేకపోతే తల్లి ఫోన్‌లో రీచార్జి అయిపోయి మెసేజ్‌లు రావడం ఆగిపోయి ఉంటుంది. అప్పుడు నా నంబరు వేస్తాను.

అట్లా నా ఫోన్ నిండా వేరేవాళ్ల పేర్లే. ఫలానా అమ్మాయీ, నీ దరఖాస్తు అందింది. ఫలానా అబ్బాయీ, నీ సర్టిఫికెట్లు సరిచూశాం. యూసుఫ్‌గూడలో నా గదికి పోయి, అన్నం ఉడికేదాకా అవి చదువుతూ కూర్చుంటాను. గదిలో నేనొక్కణ్ణే. నాకు ఫోన్ చేసేవాళ్లు లేరు.

మధులత జూలైలో తల్లి మంగవ్వను వెంటబెట్టుకుని వచ్చింది. కాలేజీల పేర్లు వరుసగా రాసుకొచ్చింది. మొదటి పేరు చూసి అడిగాను.

"ఇది ఊరవతల ఉన్నది గదా. ముందెందుకు పెట్టినవ్ బిడ్డా?"

"పేరున్న కాలేజీ అంకుల్."

"ఫీజు సర్కారు కడ్తది. కాలేజీ బస్సుకు ఎవరు కడ్తరు? అది సర్కారు ఇయ్యది."

మంగవ్వ బిడ్డ ముఖం చూసింది. "బస్సుకు సుత కట్టాల్నా?" అంది.

ఒక తెల్లకాగితం ఇచ్చి, ఒక్కో కాలేజీ ఎదురుగా ఎన్ని బస్సులు మారాలి, ఆర్టీసీ పాసు నడుస్తుందా, సర్కారు ఇవ్వని ఖర్చు ఏమేం ఉంటుంది అని రాయించాను. గంట పట్టింది. అచ్యుతరావు గారు రెండుసార్లు గడియారం చూశారు. చివరికి ఒక్క బస్సులో పోయి వచ్చే కాలేజీ మొదటికి వచ్చింది. పేరున్నది నాలుగోదయింది. పాస్‌వర్డు కొట్టేటప్పుడు నేను ముఖం తిప్పుకున్నాను. అది ఆమెకొక్కదానికే తెలియాలి.

"సీటొచ్చినంక చెప్త" అన్నాను వాళ్లు లేచేటప్పుడు. ఎట్లా చెప్తానో నేను అనలేదు, వాళ్లు అడగలేదు. నాకు మాటలు తక్కువ.

ఆదివారం సాయంత్రం మెసేజ్ వచ్చింది. మొదట పెట్టుకున్న కాలేజీయే. బుధవారం ఐదు గంటల్లోపు వెబ్‌సైట్లోకి పోయి సీటు ఒప్పుకోవాలి, లేకపోతే రద్దవుతుంది.

సోమవారం వస్తారనుకున్నాను. రాలేదు. రీచార్జి చేయించుకుంటానని మంగవ్వ ఇచ్చిపోయిన నంబరుకు చేస్తే సేవలు నిలిపివేశామని ఒక ఆడగొంతు చెప్పింది. మంగళవారం మళ్లీ చేశాను. అదే గొంతు. బుధవారం మధ్యాహ్నానికి నా చేతికి పని సాగలేదు.

"ఏంటి బుచ్చయ్యా, పొద్దుటి నుంచి గుమ్మం వైపే చూస్తున్నావు?" అన్నారు అచ్యుతరావు గారు.

చెప్పాను.

"నీ నంబరు వెయ్యొద్దని ఎన్నిసార్లు చెప్పాను? నీ ఫోన్‌కి ఇన్ని సీట్లొచ్చాయి, ఒక్క కాలేజీలో అన్నా చేరావా నువ్వు?"

నేను మా ఊరి బడిలో పదో తరగతి దాకా చదివాను. ఆయనకు తెలుసు.

"జర బయటికి పోయొస్త సార్."

"ఎక్కడని వెతుకుతావయ్యా?"

మధులత ఆ రోజు రాసుకొచ్చి వదిలిపోయిన కాగితం సొరుగులోంచి తీశాను. కాలేజీల పేర్లు ఒక హాస్టల్ మెనూ వెనక రాసి ఉన్నాయి. ముందువైపు సోమవారం టమాట పప్పు, మంగళవారం దొండకాయ. పైన చిరిగిపోగా 'లేడీస్ హాస్టల్, పంజాగుట్ట' అన్నంత వరకే మిగిలింది. తల్లి హాస్టల్లో వంట చేస్తుందని ఆ రోజు మాటల్లో విన్నాను.

"పంజాగుట్టలో లేడీస్ హాస్టళ్లు ఎన్నున్నాయో తెలుసా నీకు?"

"తెల్వదు సార్. చూస్త."

మెట్రో వంతెన కిందుగా నడిచాను. వాన వెలిసింది గానీ పైనుంచి నీళ్లు ఇంకా కారుతున్నాయి. మొదటి హాస్టల్ దగ్గర వాచ్‌మన్ కుర్చీలోంచి లేవలేదు.

"ఎవరు గావాలె కాకా?"

"వంట చేసే మంగవ్వ."

"గీడ వండేటోడు మొగోడు. తినేటోళ్లకు సుత గదే బాధ."

రెండోచోట మధులత ఉందా అని అడిగాను. గేటు దగ్గరి అమ్మాయి నన్ను కిందినుంచి మీదికి చూసి గొళ్లెం వేసుకుంది. యాభై ఏండ్ల మనిషి లేడీస్ హాస్టల్ ముందు నిలబడి ఆడపిల్ల పేరు అడిగితే ఎట్లా కనిపిస్తాడో అప్పుడు తెలిసింది. ఆ తర్వాత ఎవరినీ అడగలేదు. గేట్ల పక్కన అతికించిన మెనూలు చూస్తూ పోయాను.

ఆరో హాస్టల్ దగ్గర ఆగాను. మెనూలో ప్రతి వరుస కింద స్కేలుతో గీత ఉంది. తప్పు పోయిన చోట కొట్టివేత లేదు. చిన్న కాగితం ముక్క అతికించి దాని మీద మళ్లీ రాసి ఉంది. నా చేతిలోని కాగితంలోనూ అట్లాంటి ముక్కలు రెండున్నాయి. మూడు నలభై అయింది. గంట కొట్టాను.

వార్డెన్ వచ్చింది. ఆమె పేరు వసుమతి అని తర్వాత తెలిసింది.

"ఏంటండీ, ఎవరు కావాలి?"

నేను మాట్లాడకుండా కాగితం చూపించాను. ఆమె దాన్ని చూసి, నన్ను చూసి, లోపలికి తిరిగి మంగవ్వను పిలిచింది.

మంగవ్వ చేతులకు పిండితోనే వచ్చింది. "బుచ్చన్నా, నువ్వేంది గిట్లొచ్చినవ్?"

"పిల్లకు సీటొచ్చింది."

"ఎప్పుడు?"

"ఆదివారం."

ఆమె ముఖంలో ముందు వచ్చిన వెలుగు నిలవలేదు. "నువ్వు కబురు చేస్తవని చూస్తున్నం అన్నా. పోరి రోజూ పోదాం పోదాం అన్నది. ఊకె పోయి సతాయిస్తే బాగుండదని నేనే ఆపిన."

"మీరే వస్తరని నేను చూస్తున్న."

ఆమె వెనక మధులత వచ్చి నిలబడింది. ఉల్లిగడ్డలు కోస్తూ వచ్చినట్టుంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. లేక అంతా విన్నదేమో.

"పోయిందా అంకుల్?"

"ఐదు దాకా ఉన్నది."

"నా కంప్యూటర్ ఉందిగా, రామ్మా" అంది వసుమతి. నావైపు తిరిగి, "మీరు మాత్రం అక్కడే ఉండాలండీ. మగవాళ్లను లోపలికి రానివ్వం" అంది.

"మంచిదమ్మా."

ఆఫీసు గది కిటికీ గేటు పక్కనే. నేను వీధిలో ఊచల ఇవతల, మధులత అవతల. పాస్‌వర్డు ఆమె దగ్గర, ఫోన్‌కు వచ్చే ఆరంకెలు నా దగ్గర. ఆమె పాస్‌వర్డు కొట్టింది. ఫోన్ మోగింది. అంకెలు చదివాను. అప్పుడే బస్సు హారన్ కొట్టింది. మళ్లీ చదివాను. వెబ్‌సైటు తిరుగుతూనే ఉంది.

"ఆ అంకెల టైం అయిపోయిందంటున్నది అంకుల్."

"ఇంకోసారి కొట్టు."

రెండోసారి అంకెలు వచ్చాయి. ఊచలకు ముఖం ఆనించి, బడిలో ఎక్కం చెప్పినట్టు గట్టిగా చెప్పాను. నాలుగూ ముప్పై అయిదుకు సీటు ఒప్పుకున్నట్టు కాగితం తెరమీదికి వచ్చింది. మధులత రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని దాన్ని చూస్తూ కూర్చుంది. వెనక మంగవ్వ పిండి చేత్తోనే కళ్లు తుడుచుకుంది.

"పన్లో పని, ఈ నంబరు కూడా మార్చేద్దాం" అంది వసుమతి. "ఆయన్ని ఎన్నిసార్లు పరుగెత్తిస్తాం? నాది వెయ్యి. రోజూ ఎదురుగానే ఉంటావు కదా. ఏమంటారండీ?"

"మార్చాలె" అన్నాను.

మార్చడానికి కూడా పాత నంబరుకే అంకెలు వస్తాయి. మూడోసారి ఫోన్ మోగింది. పది నిమిషాలు పనిచేస్తాయని ఉంది. నేను కొంచెం సేపు వాటిని చూశాను.

"వచ్చినయా అంకుల్?"

"వచ్చినయి." మెల్లగా చదివాను.

మంగవ్వ గేటులోంచి స్టీలు గ్లాసుతో చాయ్ ఇచ్చింది. నిలబడే తాగాను. మధులత కిటికీ దగ్గరికొచ్చింది. "ఫస్టు బస్సు ఆరున్నరకు అంకుల్. సీటు రాకముందే డిపోల అడిగి పెట్టుకున్న."

"మంచిగ చేసినవ్ బిడ్డా" అన్నాను. ఇంకేదో అనాలనిపించింది. గ్లాసు ఇచ్చేసి వచ్చాను.

అమీర్‌పేట స్టేషన్ కిందికి వచ్చేసరికి ఫోన్ మోగింది. తడి చేతిని చొక్కాకు తుడుచుకుని తీశాను. ఈ నంబరు గడువు రెండు రోజుల్లో ముగుస్తుంది, రీచార్జి చేయించుకోండి అని ఉంది. అందులో ఎవరి పేరూ లేదు.

పక్కనే సెల్ షాపు ఉంటే ఆగాను.

"ఎన్ని రోజులకు చెయ్యాలె అన్నా?" అన్నాడు కౌంటర్ వెనక ఉన్న మనిషి. "నెలకా?"

నా నంబరు వేసినవాళ్ల పేర్లు రాసుకునే చిన్న నోటుబుక్కు జేబులోంచి తీసి మధులత పేరు మీద గీత గీశాను. దాని కింద ఇంకా పదకొండు పేర్లున్నాయి. ఎవరి పేరు పక్కనా ఇల్లెక్కడో రాసి లేదు. ఇక అడిగి రాసుకోవాలి.

"మూడు నెలలకు చెయ్యి" అన్నాను. "పెన్ను ఉంటే జర ఇయ్యి. నాది సరిగ్గ రాస్తలేదు."