జాకెట్టు చేతికి కత్తిరించిన బావి

"ఏటే సునందా, సదువుకోమని పంపితే బొమ్మలేసుకుంటన్నావా? మాస్టార్లు సూస్తే గెంటెయ్యరా?"

నేను ఒక చిత్తుపుస్తకాన్ని. పైడమ్మ ఈ మాటలంటూనే పాత క్యాలెండరు కాగితాలను మడిచి, వెనకవైపు తెల్లదనం పైకి వచ్చేలా పేర్చి, కుట్టుమిషను మీద నడిమికి కుట్టువేసి కూతురికిచ్చింది. ఆ దిగులు దారంతోపాటే నాలోకి దిగింది కాబోలు, ఎప్పుడూ ఏదో ముంచుకొస్తుందన్న భయమే నాకు. ఇప్పుడు మాట్లాడుతున్నది కూడా ముక్కగుడ్డల బుట్టలోంచే.

సునంద యూనివర్సిటీలో భూగర్భశాస్త్రం చదువుతోంది. "చూసింది గీయండి. గీయలేకపోతే ఇంకా సరిగ్గా చూడలేదన్నమాట" అని వాళ్ళ మేడమ్ చెప్పిన రోజునుంచి నాకు విశ్రాంతి లేదు. రాళ్ళు, మట్టిపొరలు, వాగులు. హాస్టలు గదిలో చరిత్ర చదివే రజియా మొదట్లో "మళ్ళీ ఎల్‌కేజీలో చేరావా ఏంటే?" అని నవ్వింది. పరీక్షలు దగ్గరపడగానే నన్నే అడిగి తీసుకుని ఒక పాత ఓడరేవును గీసుకుంది. అర్థశాస్త్రం చదివే కస్తూరి ఉల్లిపాయల ధర ఎందుకు పెరుగుతుందో బాణాలు గీసి తేల్చుకుంది. రబ్బరు రుద్దీ రుద్దీ నా ఒళ్ళు పలచబడింది. వెక్కిరించినవాళ్ళే అరువుకు రావడం నాకు అలవాటైపోయింది.

సునందకు గీయడం వచ్చు కానీ నలుగురిలో నోరు పెగలదు. మౌఖిక పరీక్షలో "బావిలోకి నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయి?" అని అడిగితే తల దించుకుని నిలబడిపోయింది. సోమవారం మళ్ళీ రమ్మన్నారు, అదే ఆఖరిసారి అన్నారు. బావిని నిలువునా కోసినట్టు నా పేజీ నిండా గీసుకుని, దాన్ని చూసి చదువుకోవడానికి ఇంటికి తెచ్చుకుంది.

ఆదివారం పొద్దున్న ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు, పైడమ్మకు జాకెట్టు చేతి కొలతకు కాగితం కావలసివచ్చింది. తేదీలున్న వైపే చూసి, తన క్యాలెండరు కాగితమే కదా అనుకుంది. కత్తెర పెట్టేసింది. బావి అడుగు సగం చేతి ఆకారంలో ఊడి వచ్చాక గాని ఆ గీతలు ఆమె కంటబడలేదు.

సునంద తల తుడుచుకుంటూ వచ్చి చూసింది.

"ఓలమ్మో, నానేటి సేసీసినాను! సదువు పోనాదా? ఈ కింద ఏటుండేదే? నీళ్ళెక్కడుండేవే?"

సునంద తల దించుకుంది. పరీక్ష గదిలోనూ ఇంతే. అప్పుడు నేను ఆమె సంచిలోనే ఉన్నాను, ఇలాంటి ప్రశ్నే విన్నాను. ఇక అయిపోయిందనుకున్నాను. వంటింట్లో అన్నం పొంగి పొయ్యి మీద చుయ్యిమంది. తల్లి కదల్లేదు, కూతురూ కదల్లేదు.

సునంద వంగి, అమ్మ గుర్తులు పెట్టుకునే సుద్దముక్క తీసుకుంది. కిందపరిచిన నల్లగుడ్డ మీద, నావైపు చూడకుండానే, ఒక గీత గీసింది.

"ఇది ఎర్రమట్టి." ఇంకో గీత. "ఇది మెత్తబడ్డ రాయి. అట్టడుగున గట్టిరాయి." ఆ రెండు రాళ్ళకీ మధ్య వంకరటింకరగా గీసుకుంటూ పోయింది. తలెత్తింది.

"నీళ్ళు ఇక్కడుంటాయమ్మా. రాతి పగుళ్ళలో."