ఫైవ్ జీ పలుపు

సోనీ వాళ్ళ బర్రెకు ఫోను వచ్చిందని కిరాణం కొట్టు ఈదమ్మ యమునతో అన్నదట. యమున నీళ్ళ ట్యాంకు కాడ రజితతో అంటే, రజిత ఆ మాటకు తోక తగిలించి తండా అంతా తిప్పింది. "సక్రు చేతుల సూస్తే రబ్బరు బ్యాండేసిన డబ్బా ఫోను. వాని బర్రె మెడల సూస్తే ఫైవ్ జీ. అది దినాం కోదాడ పిలగానితోటి మాట్లాడతదట. ఏం తిన్నది, ఎప్పుడు పన్నది, అన్నీ చెప్తదట. సోనీ మీద చాడీలు గూడ చెప్తుందేమో!"

చాడీల సంగతి తప్ప మిగతాదంతా దాదాపు నిజమే.

కోదాడ నుంచి ప్రశాంత్ అనే కుర్రాడు బండి మీద వచ్చాడు. ఇంజనీరింగు చదివాడు. వీపున సంచి నిండా పెట్టెలు. ఒక్కోటి రెండు అగ్గిపెట్టెలు పక్కపక్కన పెట్టినంత ఉంటుంది, పసుపు పచ్చ పట్టీకి కుట్టి ఉంటుంది. లోపల సిమ్ము. పశువు మెడకు కడితే అది ఎక్కడుందో, ఎంత నడిచిందో, ఎంతసేపు నెమరేసిందో, ఒళ్ళు వెచ్చబడిందో, ఎదకు వచ్చిందో, పాలిస్తోందో అన్నీ ఫోనులో కనిపిస్తాయి. ఊళ్ళో పది పెట్టెలు అమ్ముకొని రమ్మని కంపెనీ వాళ్ళు అతన్ని పంపారు. దామరచర్ల కరెంటు ప్లాంటు వచ్చాక ఈ పక్కన కొత్త టవరు లేచింది కాబట్టి సిగ్నలుకు కొదవ లేదు. కొనేవాళ్ళకే కొదవ.

సోనీ ఆగి విన్నది. ఆమెకు ఒక్కటే బర్రె, బిజిలి. పుట్టింటి నుంచి దూడగా వెంట వచ్చింది. ఆ ఇంట్లో ఐదు వేళ్ళూ నోట్లోకి పోతున్నాయంటే దాని పాలతోనే. ఈ మధ్య రెండుసార్లు దవాఖానలో చూలు సూది వేయించినా నిలవలేదు. ఎప్పుడు ఎదకు వస్తుందో కనిపెట్టడానికి సోనీ పొద్దూమాపూ దాని చుట్టే తిరుగుతోంది.

"ఇది కడితే మీరు కాపలా ఉండక్కర్లేదక్కా. ఎదకొస్తే ఫోనే చెప్పుద్ది" అన్నాడు ప్రశాంత్.

"ఫోను చెప్తే ఏం లాభం సారూ? దవాఖానకు తోల్కపోవాల్సినోడు ఇనొద్దా?" అని మొగుడి వైపు చూసింది సోనీ. సక్రు బీడీ వైపు చూశాడు.

"ధర మాట..." అని ప్రశాంత్ మొదలుపెట్టబోయాడు.

"ధర మాట ఎనకాల. రెండు పూటలు పిండి సూడంది మేము బర్రెనే కొనం. నీ పెట్టె గూడ గంతే. కట్టిపో. బుధారం రా. పనిచేస్తే ఉంటది, లేకుంటే నీ సంచిలకు పోతది."

"దీన్ని పిండడమేంటక్కా!" అని ప్రశాంత్ నవ్వాడు కానీ కట్టాడు. బిజిలిని కట్టేసే పాత పలుపు తాడుకే, మెడ దగ్గర ముడి పక్కన, గట్టిగా బిగించాడు. తర్వాత సక్రు ఫోను అడిగి తీసుకుని, అటూ ఇటూ తిప్పి తిరిగి ఇచ్చేశాడు.

"దీంట్లో ఎక్కదు బాబాయ్. ఫైవ్ జీ ఫోను కావాలి."

సక్రు ఆ మాట పట్టుకుని అప్పుడే లేచి ఈదమ్మ కొట్టుకు పోయాడు. "అప్పటిదాకా నా ఫోన్లో నేను చూస్తుంటాలే" అని ప్రశాంత్ అన్న తర్వాతి మాట సోనీ ఒక్కతే విన్నది.

ఈదమ్మ కొట్టు ముందు అరుగు మీద సోమ్లా కొత్త ఫైవ్ జీ ఫోనులో కుస్తీ చూస్తున్నాడు. పల్చగా, అద్దంలా మెరిసిపోతోంది. సక్రు తన డబ్బా ఫోను జేబులోంచి తీయలేకపోయాడు.

"ఏం బావా, మీ బర్రె కాల్ చేసిందా?" అన్నాడు సోమ్లా.

అరుగు మీద అందరూ నవ్వారు. సక్రు మూడు రోజులు ఆ నవ్వు నమిలాడు. "బర్రెకున్నపాటి ఇజ్జత్ నాకు లేదా?" అని నాలుగో రోజు ఈదమ్మతోనే అన్నాడు. ఆవిడ బెల్లం తూస్తూ, "బర్రె పాలిస్తది మరి" అంది.

బుధవారం పొద్దున్నే సక్రు ఎన్నడూ లేనిది తానే లేచి బిజిలిని కడిగాడు. "దవాఖానకు తోల్కపోత. సూది ఏపిచ్చుకొస్త" అన్నాడు. సోనీ సంబరపడి రొట్టెలు మూట కట్టి ఇచ్చింది. ట్రాలీ ఆటో ఎక్కించేటప్పుడు బిజిలి వెనక్కి తిరిగి అరిస్తే, "పో బిడ్డా, మంచికే" అని మెడ నిమిరింది.

పదకొండింటికి ప్రశాంత్ వచ్చాడు. సోనీ మరిది శివాజీ ఇంట్లో పెద్ద టీవీ ఉంది. తన ఫోను దానికి కలిపితే తండా అంతా చూడొచ్చని, చూస్తే కొంటారని అతని ఆశ. ఆడవాళ్ళంతా వచ్చి కూర్చున్నారు. ఈదమ్మ కొట్టుకు తాళం వేసి మరీ వచ్చింది.

"బర్రె లేదు గద సారూ, దవాఖానకు పోయింది" అంది సోనీ.

"ఇంకా మంచిదక్కా. దూరం నుంచి చూపిస్తేనే కదా దీని గొప్ప!"

టీవీలో రోడ్లు వచ్చాయి. రోడ్ల మధ్య ఒక పచ్చ చుక్క, దాని పక్కన బర్రె బొమ్మ. ప్రశాంత్ దగ్గరికి జరిపి చూశాడు. "మిర్యాలగూడ దారిలో ఉంది. పొద్దున్నుంచి ఒక్కచోటే నిలబడింది. ఇదేంటి, మైదానంలా ఉంది?"

"గాడ దవాఖాన లేదు" అన్నాడు శివాజీ. "గది బుధారం అంగడి."

"దవాఖాన కాడ జనం ఉన్నరేమో, నీడకు నిలవెట్టిండేమో" అంది సోనీ. తన మాట తనకే అతకలేదు.

అంతలో చుక్క కదిలింది. ముందు మెల్లగా, తర్వాత రోడ్డెక్కి జోరుగా. పక్కన అంకె నలభై దాటింది.

"అవ్వో, బిజిలి ఉరుకుతాంది!" అని రజిత లేచి నిలబడింది.

"ఆటో ఎక్కించి ఉంటారమ్మా" అన్నాడు ప్రశాంత్.

చుక్క తండా వైపు రాలేదు. మిర్యాలగూడ టౌన్లోకి పోయింది. బస్టాండు దాటింది. ఒక సందు మొదట్లో ఆగింది. ప్రశాంత్ ఆ చోటును పెద్దది చేశాడు. హోటలు పేరు, కింద బిర్యానీ పళ్ళెం బొమ్మ.

టీవీ మీద ఒక వరుస వచ్చింది. ప్రశాంత్ అలవాటు కొద్దీ చదివేశాడు: "నెమరు, ముప్పై ఐదు నిమిషాలు. తిండి బాగా తింటోంది."

"తినదా మరి!" అంది ఈదమ్మ. "ఫ్యామిలీ సెక్షన్ల కూసున్నదా, బయట కూసున్నదా, గది గూడ చెప్తదా సారూ?"

ఇల్లు ఎగిరిపోయేలా నవ్వారు. సోనీ నవ్వలేదు. చుక్క హోటలు వదిలి రోడ్డు దాటి ఎదురుగా ఉన్న షాపులో దూరింది. అది ఫోన్ల షాపు. "చలాకీగా ఉంది. ఆరోగ్యం బాగుంది" అని టీవీ చెప్పింది.

"అమ్మిండు" అంది సోనీ.

"ఎవరక్కా?"

"నా బర్రెను అంగడిల అమ్మిండు. గది బర్రె కాదు సారూ, పలుపు తిరుగుతాంది."

తండావాళ్ళకు అర్థమైంది, ప్రశాంత్‌కే కాలేదు. శివాజీ చెప్పాడు. ఈ పక్క పశువును అమ్మితే పలుపు ఇవ్వరు. కొన్నవాడు కొత్త పలుపు తెచ్చుకుని కట్టుకుపోవాలి. పాతది అమ్మినవాడు భుజాన వేసుకుని ఇంటికి తెచ్చి కొయ్యకు తగిలించాలి. దారిలో ఎక్కడన్నా కింద పెడితే ఆ ఇంట్లో పాడి నిలవదు. ఎంత పనికిమాలిన మొగుడైనా ఆ పని తప్పడు. సక్రు కూడా తప్పలేదు. బిర్యానీ తిన్నంత సేపూ పలుపు భుజం మీదే ఉంచుకున్నాడు.

"కొన్నోడు బర్రెను యాడికి తోల్కపోయిండో సూడు సారూ" అంది సోనీ.

ప్రశాంత్ నెత్తి గోక్కున్నాడు. "పెట్టె మెడలో లేకపోతే చూడలేమక్కా."

ఆ గడబిడలోనే యమున మెల్లగా అతని పక్కకు జరిగింది. "తమ్మీ, గీ పట్టీ మనిషి మెడకు సరిపోయే సైజు ఉంటదా?" అంది. రజిత తనకొకటి అంది. వాళ్ళిద్దరి ఇళ్ళల్లోనూ బర్రెలు లేవు. ప్రశాంత్ పేర్లు రాసుకోవాలా వద్దా తేల్చుకోలేక పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టాడు.

సాయంత్రం నాలుగు దాటాక చుక్క బస్సెక్కింది. ఎవరూ ఇళ్ళకు పోలేదు. "దామరచర్ల దిగింది... ఆటో ఎక్కింది... మూలమలుపు కాడికొచ్చింది" అని రజిత చదువుతుంటే, చివరికి అందరి మెడలూ టీవీ మీదనుంచి వాకిలి వైపు ఒక్కసారే తిరిగాయి. భుజాన పలుపు, పలుపుకు పసుపు పచ్చ పెట్టె, చొక్కా లోపల ఇంకో పెట్టె దాచుకుని సక్రు వస్తున్నాడు.

"రా రా బిజిలీ" అంది ఈదమ్మ. "కుడితి తాగుతవా?"

సక్రు నిలబడిపోయాడు. టీవీలో చుక్క కూడా నిలబడిపోయింది. అతను ఒక అడుగు వెనక్కి వేస్తే అది కూడా వేసింది. అప్పుడతనికి కథంతా తెలిసింది.

"జర నా మాట ఇను" అన్నాడు పెళ్ళాంతో. "అది ముసల్ది అయితాంది. చూలు నిలుస్తలేదు. మంచి ఫోను తెచ్చిన. మిగిలిన పైసలు వచ్చినంక పడ్డదూడను తెస్త. దానికి గీ పెట్టె కట్టి, గీ ఫోన్ల సూస్త."

"బర్రెను సూడనీకి బర్రెను అమ్మినవా అన్నా!" అన్నాడు శివాజీ.

సోనీ అరవలేదు. అరిస్తే బాగుండేదని సక్రుకు కూడా అనిపించింది. "బయాన తీస్కున్నవా, పూరా తీస్కున్నవా?" అని అడిగింది.

"బయాననే. పెద్దవూర ఎర్రయ్య అంట. రెండు పూటలు పిండినంక తక్కింది ఇస్తనన్నడు."

ఆమె అప్పటికి గాలి పీల్చుకుంది. రెండో పూట పాలు కుండలో పడేదాకా బేరం పచ్చిదే. ఎవరి సొత్తు వాళ్ళు వెనక్కి తీసుకోవచ్చు. పైగా బిజిలి సోనీ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడనివ్వదు. సక్రు ఒకసారి పిండబోయి పదిరోజులు కుంటుతూ నడిచాడు. కానీ ఒకటే భయం. ఎర్రయ్య తెలిసినవాడైతే పాల సూది పొడిపిస్తాడు. ఆ సూది పడితే ఏ బర్రె అయినా పాలు చేపుతుంది. పాలు పడితే బేరం ఖతం.

ఆమె పలుపును సక్రు భుజం మీద నుంచి తీసింది. కొయ్యకు తగిలించలేదు. ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

మరుసటి రోజు పొద్దున పెట్టె సంగతి తేల్చుకుందామని ప్రశాంత్ మళ్ళీ వచ్చాడు. సక్రు కొత్త ఫోనులో బర్రె లెక్కలన్నీ వచ్చేలా చేసి కూడా ఇచ్చాడు, ఊరికే కూర్చోలేక. తొమ్మిదిన్నరకు మలుపులో ట్రాలీ ఆటో చప్పుడైంది. ఆ చప్పుడును మించి ఒక అరుపు వచ్చింది. సోనీ లేచింది.

ముందు బిజిలి దిగింది. తర్వాత ఎర్రయ్య దిగాడు, ఒక కాలు ఈడుస్తూ.

"ఏం బర్రెనిచ్చినవయ్యా నాకు! మాపటీలి నన్ను తన్నింది, పొద్దుగాల కుండను తన్నింది. సూదేసెటాయన వస్తే ఆయన్ను గూడ తన్నింది! ఒక్క చుక్క ఇయ్యలే. నీ బర్రె నీకు, నా బయాన నాకు."

సక్రు చేతిలో ఫోను తప్ప ఏమీ లేదు. సోనీ దాన్ని లాక్కుని, అట్టపెట్టెతో సహా ఎర్రయ్య చేతిలో పెట్టింది. "నీ బయాన గిదే పెద్దయ్యా."

ఎర్రయ్య దాన్ని బర్రె పండ్లు చూసినట్టు నాలుగు పక్కలా చూశాడు. మొహానికి ఎదురుగా పట్టుకున్నాడు. "ఫొటోలు మంచిగొస్తయా?"

"మస్తొస్తయ్" అంది ఈదమ్మ. "నీ కాలుది గూడ తీస్కోవచ్చు."

"అయితే గానీ" అన్నాడు ఎర్రయ్య.

సోనీ పలుపు తెచ్చి బిజిలి మెడకు వేసింది. చెంబు మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చుంది. పొదుగు మీద చెయ్యి పడీ పడగానే చెంబులో సర్రున చప్పుడు మొదలైంది. అదే క్షణాన ఎర్రయ్య చేతిలో ఫోను టింగుమంది.

"బిజిలి పాలిస్తున్నది అంటాంది" అని ఎర్రయ్య కూడబలుక్కుని చదివాడు. "గీమె కాడైతే ఇస్తవానే నువ్వు!"

అందరూ నవ్వారు. నవ్వులో సందు చూసుకుని ప్రశాంత్ ముందుకొచ్చాడు. నిన్నటి నుంచి ఈ పెట్టె చేసిన పని తండా మొత్తం చూసింది. ఈమె ఊ అంటే మిగతా తొమ్మిదీ అమ్ముడుపోయినట్టే.

"అక్కా, మీరన్న గడువు అయిపోయింది. పెట్టె ఎంత బాగా పనిచేసిందో మీరే చూశారు. ఉంచేస్తారు కదా?"

సోనీ తల ఎత్తలేదు, చెయ్యి ఆపలేదు.

"నీ పెట్టె పలుపు యాడుందో చెప్పింది సారూ. బర్రె యాడుందో చెప్పలే. ఇప్పుకపో."