మేడం గారి కొసరు

మా ఆయనది ఎముక లేని చెయ్యి. అది మంచి గుణమని ఊరంతా అంటుంది గానీ, నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది. కడియపులంకలో మా నర్సరీకి వచ్చి వంద మొక్కలు కొన్నవాడు నూట ఐదు పట్టుకుపోతాడు. దారిలో ఎండకీ గాలికీ కొన్ని చస్తాయి కాబట్టి, వాటికి బదులుగా ఓ ఐదు మొక్కలు కొసరు వెయ్యడం ఇక్కడ ప్రతి నర్సరీలోనూ ఉన్న పద్ధతే. బంగార్రాజు గారు, అంటే మా ఆయన, అక్కడితో ఆగరు. సర్కారు తరఫునో కంపెనీ తరఫునో కొనడానికి వచ్చిన మనిషికి విడిగా ఇంకో కొసరు కట్టిస్తారు. పెరట్లోకి కొబ్బరి, గుమ్మం ముందుకి పారిజాతం, ఆవిడ గారికి మల్లె అంటూ మొదలుపెడితే ఓ ఆటో నిండుతుంది. ఆ మనిషి మళ్ళీ మా దగ్గరికే వస్తాడు. దీన్ని ఆయన మర్యాద అంటారు.

కిందటేడు వానలు మొదలయ్యే ముందు అస్సాం నుంచి ముగ్గురు వచ్చారు. వాళ్ళని తీసుకొచ్చినవాడు సామ్యేలు. భీమవరం చేపల లోడుతో ఏళ్ళ తరబడి గౌహతి వైపు తిరిగిన డ్రైవరు, హిందీ గడగడా మాట్లాడతాడు. నాకూ మా ఆయనకీ హిందీ ముక్క రాదు కాబట్టి, ఆ రెండు రోజులూ మాకు నోరూ చెవీ అతనే.

వాళ్ళది భూటాన్ కొండల కింద సరిహద్దు జిల్లా అట. బోడోలు, నేపాలీలు, తేయాకు తోటల్లో పనికి వచ్చి అక్కడే స్థిరపడిపోయిన ఆదివాసీలు, బెంగాలీలు, అస్సామీలు, అందరూ కలిసి ఉంటారట. బోడోలు చాలాకాలం పోరాడి తెచ్చుకున్న కౌన్సిల్ ఒకటి ఆ జిల్లాల్ని చూసుకుంటుందని సామ్యేలు చెప్పాడు.

"మన జిల్లా పరిషత్తు లాంటిదా?" అని అడిగాను.

"జిల్లా పరిషత్తుకి అన్నండి, అసెంబ్లీకి తమ్ముడండి. వ్యవసాయం, బడులు, రోడ్లు, అన్నీ ఆళ్ళ చేతిలోనేనండి. ఆ కౌన్సిల్ పథకం కింద ఈళ్ళ ఊరికి మామిడి అంట్లు, పొట్టి కొబ్బరి కావాలంట. ఊరి కమిటీ ఈ ముగ్గుర్నీ పంపింది."

కమిటీకి పెద్ద ప్రణీతా నార్జారి అనే బోడో అమ్మాయి. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు, ఆకుపచ్చ నేత బట్ట ఒంటికి చుట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని బురదలో దిగిపోయింది. రెండో మనిషి తిలక్ ఛెత్రి, మీసాలు నెరిసిన నేపాలీ. మూడో మనిషి సుశీల్ టొప్పో, ఆదివాసీ, సన్నగా ఉంటాడు, అడిగితే తప్ప మాట్లాడడు. ఒక్క మామిడి అంటు ఎంచాలంటే ముగ్గురూ వంగి చూస్తారు, ముగ్గురూ తలూపితేనే పక్కన పెట్టమంటారు. పొద్దున్న మొదలుపెట్టిన పని మధ్యాహ్నానికి సగం కాలేదు. నాకు విసుగొచ్చింది.

"మొక్కలు ఎంచడానికి ఒకరు చాలరా సామ్యేలూ? పెళ్ళి సంబంధం చూసినట్టు చూస్తున్నారు."

సామ్యేలు గొంతు తగ్గించాడు. "ఆళ్ళ ఊరికి మూడు పేటలండి, బోడోలది, నేపాలీలది, ఆదివాసీలది. ఒకరొస్తే మిగతా రెండు పేటలూ ఒప్పుకోవండి. ఈ అమ్మాయి చిన్నప్పుడు అక్కడ పెద్ద గొడవలయ్యాయంట. టొప్పో వాళ్ళ పేట తగలడిపోయింది, ఈ అమ్మాయి నాన్న కూడా ఆ గొడవల్లోనే పోయాడు. ఏళ్ళ తరబడి ఒకరి వీధిలో ఇంకొకరు నడవలేదండి. మూడు పేటలూ కలిసి ఒప్పుకున్న మొదటి పెద్ద ఈ పిల్లే. ఊరికి ఏది వచ్చినా అందరి ముందూ లెక్కెట్టి మూడు సమాన వాటాలు వెయ్యాలి. ఓ మొక్క ఎటైనా ఎక్కువైందా, ఆవిడ దిగిపోవాల్సిందేనండి. ఆవిడ దిగితే కమిటీ కూడా ఉండదంటున్నారు."

నేను విన్నాను. విన్నానే గానీ బుర్రకెక్కలేదు. మధ్యాహ్నం అరిటాకులు వేసి భోజనాలు పెట్టినప్పుడు చేపల పులుసులో మంచి నడిమి ముక్క ఏరి ప్రణీతా మేడం గారి ఆకులో వేశాను. ఆ అమ్మాయి నవ్వి, ఆ ముక్కని చేత్తోనే మూడు చేసి, చెరోటి మిగతా ఇద్దరి ఆకుల్లో పెట్టింది. ఇదెక్కడి చోద్యం అనుకున్నాను. పెట్టిన చేతిని అవమానించినట్టే అనిపించింది, నిజం చెప్పొద్దూ.

మర్నాడు లోడింగు. లారీ, మొక్కల నీడకి కట్టిన షేడ్ నెట్ పక్కన పెట్టుకున్నారు. కూలీలు మొక్కలు అందిస్తుంటే ముగ్గురూ మూడు పక్కల నిలబడి లెక్కపెట్టుకుంటున్నారు. మా ఆయన ఒక పక్కన, అంట్లు కట్టే తల్లి చెట్ల మొదట్లో, ఓ పాతిక మొక్కలు వేరుగా పెట్టించారు. మామూలు మొక్కలు కావు. కాయ పట్టిన మామిడి అంట్లు, మోకాలెత్తులోనే గెల వేసే రకం కొబ్బరి, కొట్లో బోర్డు కింద చూపించడానికి పెట్టుకునే సరుకు. వాటి కవర్ల మీద తెల్ల రంగుతో "మేడం" అని రాయించారు. లారీలో మిగతావాటితో కలిసిపోకూడదని ఆయన జాగ్రత్త.

ఛెత్రి అటు వెళ్ళాడు. ఆ అక్షరాలు చూసి సామ్యేల్ని పిలిచి ఏం రాసుందని అడిగాడు. సామ్యేలు ఉన్నదున్నట్టు చదివి చెప్పేశాడు. ఛెత్రి వెంటనే ఫోన్ తీసి, ఆ పాతిక మొక్కల్నీ ఫోటో తీసి, ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు.

నేను మజ్జిగ గ్లాసులు కడుక్కుని వచ్చేసరికి మూడు ఫోన్లూ మోగుతున్నాయి. ప్రణీత రెండు మాటలు విని ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసేసింది. టొప్పో కూలీలకి చెయ్యి అడ్డం పెట్టి లోడింగు ఆపించాడు. అంతకుముందు రోజంతా పక్కపక్కనే తిరిగిన ముగ్గురూ ముగ్గురు పగవాళ్ళలా తలో చోట నిలబడ్డారు.

"మేడం మొక్కల్లో లంచం తీసుకుందని ఊళ్ళో అనుకుంటున్నారండి," అన్నాడు సామ్యేలు. అతని మొహం పాలిపోయింది. "ఇక్కడి నుంచే దిగిపొమ్మంటున్నారు."

ప్రణీత ఛెత్రితో ఏదో చెప్పింది. అతను తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ చెప్పింది, ఈసారి టొప్పోతో. అతను కాళ్ళకేసి చూసుకుంటూ ఉండిపోయాడు. ఆ అమ్మాయి ఏడవలేదు, అరవలేదు. గట్టు మీద కూర్చుని చేతికంటిన మట్టి గీరుకుంటోంది. ఊరు కాని ఊళ్ళో, మన గుమ్మంలో, మన చేత్తో ఒక ఆడపిల్ల పరువు తీశాం.

"ఏవండీ, ఆవిడకి తెలీదని చెప్పండి," అన్నాను మా ఆయనతో.

"చెప్పాను. అమ్మేవాడు అలాగే అంటాడు అన్నాడా మీసాలాయన."

"వాళ్ళ ఊరందరికీ చెప్పండి. ఫోన్లో కనపడేలా."

ఆయన మొహం ఎర్రబడింది. "మాణిక్యం, నేనేం తప్పు చేశానని? కొసరిచ్చాను. మా నాన్న ఇచ్చాడు, నేనిచ్చాను. మర్యాద చేసి దానికి సంజాయిషీ కూడా ఇచ్చుకోవాలా? అదీ ముక్కూ మొహం తెలియని జనానికి?"

"తప్పో ఒప్పో తర్వాత చూసుకుందాం. ఆ పాతికా మూటగట్టి ఆ పిల్ల నెత్తిన పెట్టింది మీరు. దించాల్సింది కూడా మీరే."

"దింపేద్దాం. తీసేస్తే సరిపోతుంది కదా. లేదంటే మూడు పేటలకీ తలో కాసిని పంచమను."

ఆ మాట సామ్యేలు హిందీలో చెప్పాడు. ప్రణీత గట్టు మీద నుంచి లేవకుండానే జవాబిచ్చింది. సామ్యేలు మాకు చెప్పాడు: "తీసేస్తే దొరికిపోయాక తీసేసిందంటారంట. పంచితే దొరికిపోయాక పంచిందంటారంట. అయ్యగారు ఎందుకిచ్చారో అయ్యగారే చెప్పాలంటున్నారండి. ఆవిడకీ తెలియదంట ఎందుకిచ్చారో."

మా ఆయన లారీ కేసి చూశారు. ఎండ ముదురుతోంది, ఎక్కించిన మొక్కలు అప్పుడే తలలు వేలాడేస్తున్నాయి. ఆయన తలపాగా తీసి మొహం తుడుచుకున్నారు.

"కలపమను," అన్నారు.

టొప్పో తన ఫోన్లో వీడియో కాల్ కలిపి, దాన్ని లారీ బంపరు మీద నిలబెట్టాడు. అటు వైపు రేకుల వరండాలో జనం కిక్కిరిసి ఉన్నారు. ప్రణీతని మాట్లాడవద్దన్నారు. మా ఆయన తెలుగులో చెబితే సామ్యేలు హిందీలో చెప్పాలి, ఇక్కడి నుంచి ఛెత్రి నేపాలీలో, టొప్పో వాళ్ళ భాషలో, అటు వరండాలో ఉన్న బడి పంతులు బోడోలో చెప్పాలి. ఒక్క మాట అందరికీ చేరడానికి ఇంత ప్రయాణం.

"ఆవిడ అడగలేదండి. ఆవిడకి తెలియదు కూడా. నేనే పెట్టించాను," అన్నారు మా ఆయన.

ఆ మాట చేరాల్సిన చోట్లన్నిటికీ చేరింది. ముందు వరసలో కూర్చున్న ఒక ముసలావిడ చెయ్యెత్తింది. టొప్పో వాళ్ళ పేటలో ఇల్లు తగలబడినవాళ్ళలో ఆవిడ ఒకరట, పంచాయితీల్లో ఆవిడ మాటంటే అందరికీ భయమట.

"అడక్కుండా ఎందుకిచ్చావు?"

"మా దగ్గర అది మర్యాదండి. ఇంటికొచ్చినవాళ్ళకి."

"ఇంటికి ముగ్గురొచ్చారు కదా. ఒక్కరికే చేశావెందుకు?"

సామ్యేలు ఆ ప్రశ్న చెప్పి తల దించుకున్నాడు. మా ఆయన నా వైపు చూశారు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన మాటకి తడుముకుంటే అందించడం నాకు అలవాటు. ఆ పూట నేను అందించలేదు. నాకూ తెలుసు జవాబు, ఆయన నోటి నుంచే రావాలనిపించింది.

"సంతకం ఆవిడది కాబట్టి," అన్నారు ఆయన. తర్వాత గొంతు సవరించుకుని, ఆగకుండా చెప్పేశారు. "మళ్ళీ మొక్కలు కావలసినప్పుడు మా నర్సరీయే గుర్తు రావాలని ఇచ్చాను. ఎవరు సంతకం పెడతారో వాళ్ళకే ఇస్తాను. ఎప్పుడూ అంతే చేస్తాను. మేం దాన్ని కొసరంటాం."

"తీసుకున్నారా అందరూ?"

"తీసుకున్నారండి. వద్దన్నవాళ్ళు ఇంతవరకు లేరు."

"తీసుకున్నవాళ్ళని మీ ఊరివాళ్ళు ఏం చేస్తారు?"

మా ఆయన ఆలోచించారు. "ఏమీ చెయ్యరండి," అన్నారు.

సామ్యేలు ఆ మాట చెప్పడానికి తటపటాయించాడు. చెప్పమని మా ఆయనే సైగ చేశారు. అది మూడు భాషల్లోకి వెళ్ళాక వరండాలో ఎవరూ నవ్వలేదు. వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకున్నారు. ఛెత్రి ఫోన్ దగ్గరికి వెళ్ళి తన పేటవాళ్ళతో పొట్టి పొట్టి మాటల్లో ఏదో చెప్పాడు. పక్కనే నిలబడిన టొప్పో, అంతసేపూ ఇతరుల మాటలే చెప్పిన మనిషి, ముందు రోజు మధ్యాహ్నం భోజనం దగ్గర చేప ముక్క సంగతి చెబుతున్నాడని అతని చేతులు చూస్తే నాకే తెలిసిపోయింది. అప్పుడు వరండాలో చేతులు లేచాయి, ముందు ఒక పక్క, తర్వాత మూడు పక్కలా.

ప్రణీత లేచి నిలబడింది. ముసలావిడ చెప్పింది తనే హిందీలో సామ్యేలుకి చెప్పింది, కళ్ళు మా ఆయన మీదే పెట్టి.

"మేడం గారు ఉంటారంటండి," అన్నాడు సామ్యేలు. "తన మీద తనే ఇంత మాట చెప్పుకున్నవాడు అబద్ధమాడడని అన్నారంట. ఎంచుకున్న మొక్కలు లెక్క ప్రకారం తీసుకెళ్తారు. చచ్చినవాటి లెక్క ఆళ్ళదే, కొసరు ఒక్కటీ వద్దంట. ఇంకోటండి..." అతను నీళ్ళు నమిలాడు. "వచ్చే ఏడు మన దగ్గర కొనరంట. ఇంకెవరి దగ్గరైనా చూసుకుంటారంట."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "ఇదేం న్యాయం? ఆ పిల్ల పరువు నిలబెట్టడానికి ఆయన తన పరువు తీసుకుంటే, బేరం కూడా పోవాలా? చెప్పు సామ్యేలూ, నా మాటగా చెప్పు."

"చెప్పకు," అన్నారు మా ఆయన. "ఆవిడ ఉన్నట్టేనా, అది కనుక్కో."

"ఉన్నట్టేనండి."

"అయితే సరే."

ఆయన కండువా నడుముకి బిగించి, కూలీలతో పాటు తనూ మొక్కలు అందించడం మొదలుపెట్టారు. ఛెత్రి లెక్కపెట్టాడు, టొప్పో లెక్కపెట్టాడు. ప్రణీత లెక్కపెడుతూ పెడుతూ ఒకచోట ఆగిపోయి, మోచేత్తో కళ్ళు తుడుచుకుని, తప్పిపోయిన లెక్క మొదటి నుంచి మళ్ళీ పెట్టింది. ఎవరూ తొందర చెయ్యలేదు.

లారీ హైవే ఎక్కాక మా ఆయన కుళాయి కింద కాళ్ళు కడుక్కుని అరుగు మీద కూర్చున్నారు. నేను అన్నానికి లెమ్మంటే లేవలేదు.

"అలాంటి ముసలావిడ మన ఊళ్ళో ఒకావిడ ఉంటే బాగుండును మాణిక్యం," అన్నారు.

"ఉండే ఉంటుందండి," అన్నాను. "మీరు ఆవిడ పెరట్లోకి కూడా ఓ కొబ్బరి మొక్క పంపించే ఉంటారు."

ఆయన నవ్వలేదు. నేనూ నవ్వించడానికి అనలేదు.