స్టూలు దిగాల్సిన తప్పు

ప్రతి ఆదివారం మధ్యాహ్నం మూడింటికి లైబ్రరీ మేడమీది హాల్లో సైన్స్ ఫిక్షన్ సినిమానో, సీరియల్లో ఒక భాగమో వేస్తారు. అయ్యాక తెర పక్కనున్న ఎత్తు స్టూలు మీద ఒకరు కూర్చుని దాని గురించి పది నిమిషాలు మాట్లాడాలి. ఆ మాటల్లో సైన్సుకి పొసగని ముక్క ఒక్కటి దొర్లి, దాన్ని ఎవరైనా పట్టుకున్నారంటే మాత్రం మారుమాట లేకుండా స్టూలు దిగిపోవాలి. ఈ నియమం పెట్టింది అక్కడికి ప్రతివారం వచ్చే ఒక తూకం మిషన్ల మెకానిక్కు. పెట్టి ముగ్గుర్ని దింపాడు, తను తొమ్మిదేళ్లుగా దిగలేదు.

పగలంతా గ్రాములో పదోవంతు తేడాను పట్టుకునే మనిషికి సినిమాల్లో తప్పులు ఓ లెక్కా? గాలే లేనిచోట నౌక పేలితే ఢామ్మని చప్పుడెలా వస్తుందనేవాడు. ఏ గ్రహం మీద దిగినా అక్కడివాళ్లు మన భాషలోనే ఎలా తిడతారనేవాడు. రెండు నౌకలు ఎదురుపడితే ఒకటి తలకిందులుగా ఉండకూడదా, రెండూ బస్టాండులో బస్సుల్లా బుద్ధిగా నిలబడతాయేమిటని విసుక్కునేవాడు. అట్టముక్కలతో నౌకలు కట్టిన పాతకాలం సినిమాలంటే మాత్రం పడిచచ్చేవాడు. అవి తీసినవాళ్లకు కనీసం చీకటంటే భయముండేదని, ఇప్పటివాళ్లకు అదీ లేదని ఆయన ఫిర్యాదు. నాలుగు వందల పైచిలుకు తప్పులు ఎక్కించిన నోటుబుక్కు చంకలో పెట్టుకుని మరీ వచ్చేవాడు. వెనకాల అందరూ తప్పుల బాబాయ్ అంటారని తెలుసు, తెలిసి లోలోపల మురిసిపోయేవాడు కూడా.

ఆయన భార్య యూనిఫారాల దుకాణంలో దర్జీ. తొమ్మిదేళ్లుగా హాల్లో ఆయన పక్క కుర్చీ ఆమెదే. ఏనాడూ నోరు విప్పింది లేదు. సినిమాలు చూసేది తను, తోడు వచ్చేది ఆమె అని ఆయన లెక్క. ఆ లెక్క సరిచూసుకోవాలని ఎప్పుడూ తోచలేదు.

ఆ ఆదివారం వేసింది, ఇరవై ఏళ్లుగా దారితప్పి తిరుగుతున్న నౌక కథతో వచ్చే సీరియల్. ఇంజను ఆపిన నౌక అంత సులువుగా ఎలా మలుపు తిరిగిందో పది నిమిషాల పాటు ఉతికి ఆరేసి, ఇంకెవరైనా ఏమైనా చెప్తారా అని మాటవరసకి అడిగాడాయన. భార్య చెయ్యెత్తింది.

"ఇరవై ఏళ్లయింది కదండీ, ఒక్కళ్లకీ మోచేతుల దగ్గర బట్ట అరగలేదేం?"

హాలంతా నవ్వింది. ఆమె నవ్వలేదు.

"ఇంజనీరమ్మ చొక్కాకి ఒక్కదానికే మాసిక ఉంది. కుడి చేతికి. కుట్లన్నీ వంకర. విప్పకుండా, ఒంటిమీద ఉండగానే ఎడంచేత్తో కుట్టుకున్నట్టుంది. నౌకలో రెండొందల మంది ఉన్నారు. ఇలా తే, నేను కుడతాను అన్నవాళ్లు ఒక్కరూ లేరన్నమాట."

ఫిజిక్స్ టీచరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. తర్వాత చప్పట్లు మొదలై ఒక పట్టాన ఆగలేదు. "వచ్చే ఆదివారం స్టూలు పిన్నిగారిది" అని లైబ్రేరియన్ అక్కడికక్కడే తేల్చేశాడు.

ఆయన కూడా చప్పట్లు కొట్టాడు. అందరి ముందూ కొట్టక చస్తాడా? ఇంటికెళ్లి నోటుబుక్కు మొదటి పేజీ నుంచి చివరిదాకా తిరగేశాడు. నాలుగు వందల తప్పుల్లో ఒక్క మాసిక లేదు. తొమ్మిదేళ్లు గొంతు చించుకున్నా ఆ టీచరమ్మ తన మాటలకి ఒక్కసారైనా కళ్లజోడు తీసిందా? దారిలో ఎదురైనవాళ్లు తనను పలకరించడం మానేసి "పిన్నిగారు ఎలా ఉన్నారు" అంటుంటే పుండు మీద కారం చల్లినట్టుండేది. ఆమె కూనిరాగం తీస్తూ వంటింట్లో తిరిగినా ఒళ్లు మండేది. కట్టుకున్న భార్య మీద కుళ్లుకోవడం సిగ్గుచేటని ఆయనకి తెలుసు. తెలిసినంత మాత్రాన కుళ్లు తగ్గుతుందా?

గురువారం సాయంత్రం ఆమె బట్ట కత్తిరించే సుద్ద, కాగితం ముక్క పట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది. "ఏమండీ, ఒక్క సైన్సు ముక్కయినా చెప్పకపోతే బావుండదు. ఈసారి సినిమాలో ఒకతను స్పేస్ సూటు లేకుండా నౌక బయట పడి గడ్డకట్టిపోతాడట కదా. నిజంగా అలా అవుతుందా?"

అవదని ఆయనకి కంఠతా వచ్చు. చెబుదామనే నోరు తెరిచాడు. ఇంతలో స్టూలు మీద ఆమె, చుట్టూ ఆ చప్పట్లు కళ్లముందు కదిలాయి.

"అవుతుంది. రెప్పపాటులో మంచుముద్ద అయిపోతాడు. సినిమావాళ్లు ఈ ఒక్కటైనా సరిగ్గా తీశారు."

ఆమె సుద్ద ఆగింది. "నిజమేనంటారా?"

"నేనెప్పుడైనా తప్పు చెప్పానా?"

ఆమె తల ఊపి రాసుకుంది.

ఆదివారం స్టూలు మీద ఆమె తడుముకోకుండా మాట్లాడింది. చచ్చిపోయినవాడి బట్టలు మిగతావాళ్లు మడతపెట్టకుండానే సంచిలో కుక్కేశారని, అంటే వాళ్లకి భయం తప్ప దుఃఖం లేదని చెప్పింది. ముందువరసలో ఒకావిడ ముక్కు చీదింది. ఆమె కాగితం వంక చూసుకుని, "గాలి లేనిచోట మనిషి క్షణంలో గడ్డకడతాడట. మా ఆయన చెప్పారు" అంది.

మా ఆయన చెప్పారు అంటుందని ఆయన అనుకోనేలేదు.

టీచరమ్మ మొహమాటపడుతూనే చెయ్యెత్తింది. "అది తప్పండీ." హాలు హాలంతా ఆయనవైపు తిరిగింది.

స్టూలు మీద ఆమె కూడా ఆయన్నే చూసింది, ఎక్కువసేపేం కాదు. "ఆయన సరిగ్గానే చెప్పారండీ. నేనే తిరగేసి రాసుకున్నాను" అని దిగిపోయింది. దిగేటప్పుడు చీర కాలికి తట్టుకుంటే టీచరమ్మ చెయ్యి అందించింది.

"బాబాయ్, అసలు సంగతి మీరే చెప్పండి" అన్నాడు లైబ్రేరియన్. ఆయన వెళ్లి స్టూలెక్కాడు. వేడి వేగంగా బయటికి పోవాలంటే దాన్ని లాక్కుపోయే గాలుండాలని, ఫ్లాస్కు రెండు గోడల మధ్య గాలి లేకపోబట్టే లోపల కాఫీ వేడిగా ఉంటుందని, కాబట్టి ఊపిరాడక పోతాడే తప్ప మనిషి అంత తొందరగా గడ్డకట్టడని వివరించాడు. చప్పట్లు బాగానే కొట్టారు. తొమ్మిదేళ్లలో అంత గట్టిగా ఎప్పుడూ కొట్టలేదు. ఆమె కూడా కొట్టింది.

బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. నిలదీస్తుందని, నాలుగూ దులుపుతుందని ఆయన బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాడు. రెండు స్టాపులు దాటాక ఆమే మాట్లాడింది.

"పెళ్లయిన కొత్తలో ఫ్లాస్కు ఊడదీసి చూపించి మరీ చెప్పారు, మనిషి అలా గడ్డకట్టడని. నాకు గుర్తే ఉంది."

"మరి అలా ఎందుకు చెప్పావు?"

"మొన్న మీరు ఇంకోలా చెప్తే, కొత్తగా ఏదో చదివుంటారనుకున్నాను. నాకు గుర్తున్నదాని కంటే మీ మాటే నిజమనుకున్నాను."

దిగాల్సిన స్టాపు దగ్గరపడుతుంటే ఆమె లేచి పైకడ్డీ పట్టుకుంది.

"వచ్చే వారం నుంచి మీరొక్కరే వెళ్లండి. ఆదివారాలు దుకాణంలో పని ఎక్కువగా ఉంటోంది."

ఆదివారం దుకాణానికి సెలవని ఇద్దరికీ తెలుసు. ఆయన అలాగే అన్నాడు.