నవ్వితే గడ్డకట్టదు

అప్పటికి నా పెళ్ళయి రెండు నెలలు కూడా కాలేదు. తాండూరులో పుట్టి, హైదరాబాదులో చదివి, వికారాబాదులో కోడలినయ్యాను. కొత్త ఇంట్లో ప్రతిదానికీ నవ్వొచ్చేది. మేకపిల్ల తుమ్మితే నవ్వు. మా ఆయన జనార్దన్ తలకు రుమాలు చుట్టుకుంటే నవ్వు. "కాలేజీల నవ్వుడు గూడ నేర్పుతరా బిడ్డా?" అని మా అత్తమ్మ సుమిత్రమ్మ అడిగితే దానికీ నవ్వే.

ఆ ఎండాకాలం ఒక రోజు మాత్రం ఇల్లు మూగబోయింది. మా బావగారి కూతురు బుగ్గమ్మ ఐదేళ్ళ పిల్ల. తల్లి పురిటికని మర్పల్లి వెళ్ళింది. పిల్లకు తట్టు తగ్గింది గానీ నోరంతా పూసింది. నిన్న పొద్దుటినుంచి గంజి లేదు, పాలు లేవు, నీళ్ళు పోసినా పక్కకు ఉమ్మేస్తోంది. పొద్దుగూకేలోపు కడుపులోకి ఏదో ఒకటి దిగకపోతే హైదరాబాదు పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు డాక్టరు. రైలు సంగతి కనుక్కోవడానికి మా ఆయన స్టేషనుకు వెళ్ళాడు.

అంతలో పక్కింటి గొర్లకాపరి బీరయ్య కూతురు జంగమ్మ ఒడినిండా ఆకు పోసుకుని వచ్చింది. పదేళ్ళ పిల్ల. దాని వెనకే బుగ్గమ్మ వాళ్ళన్న రాజేందర్.

"చిన్నమ్మా, గిన్నె ఇయ్యి. జర చక్కెర ఇయ్యి. పొయ్యి ముట్టియ్యకు."

"ఏం చేస్తవే?"

"నీళ్ళను గడ్డగట్టిస్త."

"బరఫ్ లేకుండనా?"

"గీ ఆకుతోని."

అది దూసరి తీగ ఆకట. అనంతగిరి దారిలో కంపల మీద అల్లుకుంటుందట. కాలేజీలో వృక్షశాస్త్రం చదివాను, ఎన్నో ఆకుల బొమ్మలు గీశాను, ఈ ముచ్చట మాత్రం ఎన్నడూ వినలేదు. ముగ్గురం కూర్చుని నీళ్ళలో ఆకులు నలిపాం. నీళ్ళు పచ్చబడి, వేళ్ళ మధ్య జిగటగా సాగాయి. పలుచని బట్టలో వడగట్టాం.

"ఇగ ఎవ్వరు ముట్టొద్దు, కదపొద్దు, నవ్వొద్దు" అంది జంగమ్మ. "నవ్వితే గడ్డగట్టది."

నవ్వొద్దన్నాక ఇంకేముంది! రాజేందర్ చెంపలు పూరీల్లా ఉబ్బించి ఊపిరి బిగబట్టాడు. వాడి మొహం చూడగానే నాకు నవ్వు పొంగింది. మోకాలు పోయి గిన్నెకు తగిలింది. సగం నేలపాలు. మిగిలిన సగం విరిగి, నాచు తుంపుల్లా తేలింది.

"గింత సదివినవ్, నవ్వు ఆపుకోరాదా చిన్నమ్మా?" జంగమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "కంచెకున్న తీగంత మా మేకలే మేసినయ్. ఇగ గీ పిడికెడే ఉంది."

మంచం మీద బుగ్గమ్మ కళ్ళు సగం తెరిచి మా వైపే చూస్తోంది. పెదవులు బీటలువారి ఉన్నాయి. నాకు నవ్వు ఎక్కడికి పోయిందో తెలియలేదు.

ఆ పిడికెడు ఆకునీ చిన్న గిన్నెలో నలిపి, వడగట్టి, నీడపట్టున బండ మీద పెట్టాం. అత్తమ్మ కూడా వచ్చి కూర్చుంది. గిన్నె మీద వాలబోయిన ఈగను ఆమె ఊపిరి తీయకుండా కొంగు కొసతో తోలింది. వాకిట్లో ఎండ తెల్లగా మండుతోంది.

అప్పుడే వచ్చాడు మా ఆయన. చెప్పులు విడుస్తూ, గిన్నె చుట్టూ బిగుసుకుపోయి కూర్చున్న మమ్మల్ని చూసి ఆగిపోయాడు.

"ఏంది, గిన్నెల దేవుడు వెలిసిండా?"

రాజేందర్ రెండు చేతులతో మూతి మూసుకున్నాడు. అత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది, ఆమె భుజాలు అదురుతున్నాయి. నేను పెదవి ఎంత గట్టిగా కరుచుకున్నానంటే నాలుకకు ఉప్పగా తగిలింది. ఆయన ఇంకేదో అనబోయి, మా వాలకం చూసి, తానూ మెల్లగా కూర్చున్నాడు.

"మూడింటికి రైలుంది" అని మాత్రం గొణిగాడు.

చివరికి జంగమ్మ గిన్నెను రెండు చేతులా పట్టి కొద్దిగా వంచింది. నీళ్ళు ఒలకలేదు. ఇంకా వంచింది. ఒలకలేదు. నిప్పు తగల్లేదు, మంచు తగల్లేదు, ఇందాక నా వేళ్ళ సందుల్లోంచి కారిపోయిన ఆ నీళ్ళే ఇప్పుడు గిన్నెలో పచ్చటి అద్దంలా నిలబడ్డాయి. లోపల వెలుతురు ఇరుక్కుపోయి మెరుస్తోంది. దేవుడు వెలిశాడంటే కాదనడానికి నాకు నోరు రాలేదు.

కత్తితో ముక్కలు కోసి, చక్కెర చల్లి, చెంచాలో ఒకటి తీసుకుని మంచం దగ్గరికి వెళ్ళాను. ముక్క తళతళమంటూ ఊగుతోంది. బుగ్గమ్మ దాన్నే చూసింది.

"చిన్నమ్మా, గది వణుకుతుంది. సలి పెడుతుందా?"

నిన్నటినుంచి ఆ పిల్ల మాట్లాడిన మొదటి మాట.

"అవును బిడ్డా" అన్నాను.

"నా నోరు మస్తు కాలుతుంది." కాసేపు ఆలోచించి, నోరు తెరిచింది.

పెట్టాను. కళ్ళు గట్టిగా మూసుకుని మొహం చిట్లించింది. ఇంటిల్లిపాదీ ఆ సన్నటి గొంతునే చూస్తున్నాం. అది ఒకసారి కదిలింది. దిగింది!

బుగ్గమ్మ కళ్ళు తెరిచి గిన్నె వైపు వేలు చూపించింది.

"గా ముక్కకు గూడ సలి పెడుతుంది."