పేర్లెత్తని ఒక్క పూట

"ఆ పేర్లు ఎత్తనని సింహాచలం అప్పన్న మీద ఒట్టెయ్యి," అంది పద్మావతి, ఇడ్లీల పళ్లెం కొడుక్కి అందనివ్వకుండా.

"ఉన్నమాటే కదమ్మా," అన్నాడు మణికంఠ.

"ఉన్నమాటైతే కడుపులో పెట్టుకో. సాయంత్రం ఆ సైరనాయన నీ ఉద్యోగం మాట్లాడ్డానికి మనింటికొత్తన్నాడు. ఆయన ముందు జలగ, సంకెళ్లు అన్నావనుకో, ఆ పెద్ద కంపెనీవోళ్లకి తెలిసిపోద్ది. మీ నాన్న స్టీల్ ప్లాంట్ నుంచి వచ్చేసరికి నువ్వు పోలీస్ స్టేషన్లో ఉంటావు."

మణికంఠ, అతని స్నేహితులూ కలిసి, ఎవరైనా డబ్బులివ్వకుండా వాడుకుని పంచుకోగల లినక్స్ అనే ప్రోగ్రాము కోసం సంఘం ఒకటి పెట్టుకున్నారు. ఊరంతా వాడే కంపెనీ ప్రోగ్రాము లోపల ఏముందో చూడనివ్వదని, పక్కవాడికి ఇవ్వనివ్వదని వాళ్ల కోపం. అందుకే దానికి జలగ అని పేరు. దాని షరతులకి సంకెళ్లని పేరు.

"మరి గురునాథరావు గారిని నువ్వు సైరన్ అనొచ్చా?"

"అది ఈధి పెట్టిన పేరు. నాను పెట్టానేటి?"

ఓడ సరుకులు విడిపించే ఆఫీసు గురునాథరావుది. వన్ టౌన్లో వీళ్ల సందు చివరే. ఆయన ఫోన్లో మాట్లాడితే అవతలివాళ్లకి ఫోనక్కర్లేదు.

మణికంఠ ఒట్టేశాడు. అప్పుడే ఇడ్లీ దొరికింది.

సాయంత్రం గురునాథరావు కాఫీ తాగుతూ, "ఏరా అబ్బాయ్, మా ఆఫీసు కంప్యూటర్లలో ఇప్పుడున్నదానికి లోపమేటి?" అన్నాడు.

"అది సార్... జ..." మణికంఠ తల్లివైపు చూశాడు. "అదొక ప్రోగ్రాము సార్."

"అది నాకూ తెలుసు. లోపమేటి?"

"మనల్ని సం... సం..."

ఇన్నాళ్లూ ఆ పేర్లతోనే మాట్లాడినవాడికి అవి లేకుండా మాట పుట్టలేదు. నుదుటి మీద చెమట మాత్రం పుట్టింది.

"కుర్రాడికి తెలిసినట్టు లేదమ్మా," అని గురునాథరావు లేచాడు.

కొడుకు హార్బర్లో బస్తాలు మోస్తున్నట్టు, నడుం విరిగినట్టు, పెళ్లి కానట్టు పద్మావతికి ఒక్కసారే కనిపించింది.

"జలగ బాబూ!" అనేసింది. "దాన్ని జలగంటాడు! పదే పదే కొత్తది కొనిపిత్తదంట! నానే ఒట్టేయించి నోరు కట్టేసినాను!"

గురునాథరావు మళ్లీ కూర్చున్నాడు. "కొనిపించడం నిజవే. తిట్టు బానే ఉంది. కానీ తిట్టుతో నా ఆఫీసు నడవదు కదా. పాత కాగితాలన్నీ దాన్లోనే ఉన్నాయి. నీ దాన్లో తెరుచుకుంటాయా?"

"చాలావరకు తెరుచుకుంటాయి సార్. కొన్నిట్లో పట్టికల గళ్లు చెదురుతాయి, అవి నేను సరిచేస్తాను. ముందు ఒక్క కంప్యూటర్లో పెట్టి చూడండి. నచ్చకపోతే పాతదే ఉంచుకోండి."

వీడు చేసేదేమిటో పద్మావతికి మొదటిసారి అర్థమైంది.

గురునాథరావు గుమ్మం దగ్గర ఆగాడు. "కంపెనీకే పేరెట్టినోళ్లు నన్నొదుల్తారా? నాకేం పేరు?"

పద్మావతి కొడుక్కి అడ్డంగా వచ్చి నిలబడింది. "మీకు పేరేటి బాబూ! గురునాథరావు గారే!"

మణికంఠ చేతులు కట్టుకుని, "అమ్మ ఒట్టేయించింది సార్, చెప్పకూడదు," అన్నాడు.

గురునాథరావు తల్లినీ కొడుకునీ మార్చి మార్చి చూసి మెట్లు దిగిపోయాడు.

"పోయింది ఉద్యోగం," అని పద్మావతి అక్కడే కూలబడింది.

సందు చివర్నుంచి కేక వినిపించింది. "అబ్బాయ్! సోమారం తొమ్మిదింటికొచ్చీ!"

ఎదురింటి రామలక్ష్మమ్మ కిటికీ తెరిచి, "ఏటే పద్మావతీ, సైరన్ ఈ పూట తొందరగా కూసింది?" అంది.

"మెల్లిగా అనవే తల్లీ," అంది పద్మావతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "సోమారం దాకా!"