కారణం అన్న గడి

పదిహేడో గూడు దించి, మూత తీసి, ఎలుకని రెండు అరచేతుల్లోకి తీసుకుంది ఎలుకలమ్మ. తోక పట్టి ఎత్తడం ఆవిడకి గిట్టదు. ఇరవై ఆరేళ్ళుగా ఈ పరిశోధనశాలలో ఎలుకలకి మేత, నీళ్ళు చూస్తున్న మనిషి. అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. మోకాళ్ళ నొప్పికి మూడు వారాలు సెలవు పెట్టి నిన్ననే వచ్చింది. ఈ సాయంత్రంతో ఉద్యోగం ఆఖరు.

ఈ వరసలో ఎలుకల వయసు నాలుగు నెలలే. అప్పుడే వెన్ను వంగింది, బొచ్చు నెరిసింది. ఒంట్లో ప్రతి కణంలోనూ డీఎన్‌ఏ రోజూ ఎక్కడో ఒకచోట చిరుగుతుందట. దాన్ని కుట్టే పనివాళ్ళు లోపలే ఉంటారట. వీటిలో ఆ పనివాళ్ళలో ఒకణ్ణి పుట్టకముందే తీసేశారు. కుట్టు ఆగితే ముసలితనం ఎంత తొందరగా వస్తుందో చూడాలని డాక్టరమ్మ ప్రయోగం. "నా మోకాళ్ళలో వాళ్ళు కూడా సెలవు పెట్టారమ్మా," అని ప్రయోగం మొదలైన రోజే ఎలుకలమ్మ ఆమెని నవ్వించింది.

ఇవాళ నవ్వించే ఉద్దేశం లేదు. తను సెలవులో ఉండగా చచ్చిన పదకొండింటి కార్డులూ డాక్టరమ్మ బల్లమీద పరిచింది. కారణం అన్న గడిలో అన్నిటికీ ఒకటే మాట, ముసలితనం.

"ఇది తప్పమ్మా. దాహంతో పోయాయి."

"సీసాల నిండా నీళ్ళున్నాయిగా, పెద్దమ్మా?"

"నిండా ఉన్నాయి కాబట్టే చెప్తున్నా. తాగుంటే తగ్గవూ?"

డాక్టరమ్మ లేచి వెంట వచ్చింది. పదిహేడో గూట్లో ఎలుక సీసా మూతి కోసం మెడ చాచింది. వంగిన వెన్ను లేవక కూలబడింది. ఎలుకలమ్మ పొడుగు గొట్టం ఉన్న సీసా తగిలించి, నీటి మట్టం దగ్గర గీత గీసింది. ఎలుక కళ్ళు మూసుకుని చాలాసేపు తాగింది.

"మీకెలా తట్టింది?"

"మా అత్తగారు పోతే అందరూ ముసలితనమే అన్నారు. మంచం పక్కన గ్లాసు నిండుగానే ఉంది. అందనిచోట పెట్టింది నేనే."

తొమ్మిదేళ్ళుగా ఎలుకలమ్మని లోపల తింటున్న మాట అది. మొగుడికి కూడా చెప్పలేదు.

డాక్టరమ్మ బల్ల దగ్గరికి తిరిగొచ్చి కార్డులు లెక్కపెట్టింది. "ఈ పదకొండూ తీసేస్తే నా ప్రయోగం సగం పోతుంది."

"తప్పు సగం పోతే పోనివ్వండి. లోపల కుట్టు ఆగిందో, బయట నీళ్ళు అందలేదో తేలకుండా అన్నీ ముసలితనం నెత్తిన రుద్దితే ఎలాగమ్మా?"

డాక్టరమ్మ కలం తీసింది. పదకొండు కార్డుల మీదా ఆ మాట కొట్టేసి, పక్కన 'తెలియదు' అని రాసింది. "దాహం అని కూడా రాయలేను, పెద్దమ్మా. నేను చూడలేదు."

"చాలు. అబద్ధం మాత్రం కాదుగా."

సాయంత్రానికి ఎలుకలమ్మ వరస మొత్తానికీ సీసాలు మార్చి, మేత నానబెట్టి నోటికందేలా కింద పెట్టింది. తిరిగొచ్చి చూస్తే పదిహేడో ఎలుక గడ్డిలో ముడుచుకుని పోయి ఉంది. ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది. పక్కన నానబెట్టిన మేత కొరికి ఉంది. సీసాలో నీళ్ళు గీత కిందికి దిగాయి. ఎలుకలమ్మ కార్డు తీసుకుని, తడుముకోకుండా గుండ్రటి అక్షరాలతో 'ముసలితనం' అని రాసింది.

తలుపు దగ్గర డాక్టరమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఎలుకలమ్మ మెట్లు ఒక్కొక్కటే దిగి వెళ్ళిపోయింది. కొక్కేనికి ఆవిడ తెల్లకోటు వేలాడుతోంది. ప్రతి సీసా మూతినీ వేలితో తట్టి చూసి తుడుచుకున్న కుడి జేబు అంచు ఇంకా తడిగానే ఉంది.